హోమ్‌స్టెడ్‌లో ఎవరి మాట చెల్లింది?

న్యూయార్క్ వెళ్లిన మనవాళ్లలో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ దగ్గర ఫొటో దిగకుండా వచ్చేవాళ్లు తక్కువ. 1931లో పూర్తయిన ఆ 102 అంతస్తుల భవనంలోని ఉక్కు దూలాలు పెన్సిల్వేనియా రాష్ట్రంలో, మొనాంగహేలా నది ఒడ్డున ఉన్న హోమ్‌స్టెడ్ మిల్లులో తయారైనవి. అమెరికా యుద్ధనౌకలకు తొడిగిన కవచపు పలకలు దశాబ్దాల తరబడి అక్కడినుంచే వెళ్లాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆ మిల్లులో 15 వేల మంది దాకా పనిచేసేవారు. 1986లో అది మూతపడింది. 1940లో సుమారు 19 వేల జనాభా ఉన్న హోమ్‌స్టెడ్‌లో 2020 లెక్కల నాటికి 3 వేల మంది కూడా లేరు.

నేను విశాఖ ఉక్కు కర్మాగారంలో, స్టీల్ మెల్ట్ షాపులో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా అమ్మాయి కుటుంబం పిట్స్‌బర్గ్‌లో ఉంటుంది. అమెరికాలోని తెలుగువాళ్లకు ఆ ఊరంటే ముందు గుర్తొచ్చేది పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడి. 1970ల్లో కట్టిన ఆ గుడికి పక్క రాష్ట్రాలనుంచి కూడా కార్లలో వస్తారు. అక్కణ్ణుంచి హోమ్‌స్టెడ్ అరగంట దారి. స్వామి దర్శనం చేసుకుని, పులిహోర ప్రసాదం తిని, చాలామంది వచ్చిన దారినే వెళ్లిపోతారు. నేను మాత్రం గుడికి వెళ్లినప్పుడల్లా ఆ నది ఒడ్డుకి కూడా వెళ్లొస్తాను. ఉక్కు కరిగించి పిల్లల్ని చదివించుకున్నవాడికి అదీ చూడవలసిన చోటే.

హోమ్‌స్టెడ్ కథని మామూలుగా రెండు ముక్కల్లో చెప్పేస్తారు. 1892లో పెద్ద సమ్మె, 1986లో మూసివేత. విదేశాలనుంచి చవక ఉక్కు వచ్చింది, పాత మిల్లులు తట్టుకోలేకపోయాయి, కాలం మారింది అంటారు. కాలం మారిన మాట నిజమే. కాని ఆ ఊరి నూరేళ్ల పైచిలుకు చరిత్రని వరసగా చూస్తే నాకు ఇంకో లెక్క కనిపిస్తుంది. ఆ మిల్లులో ఏ రోజుల్లో ఎవరి మాట చెల్లిందన్నదాన్ని బట్టే అక్కడి ఇళ్లలో తిండి, నిద్ర, పిల్లల చదువు, చివరికి ఊరి బతుకు నడిచాయి.

1871లో అక్కడి పొలాల్ని ప్లాట్లు చేసి అమ్మడంతో ఊరు మొదలైంది. 1880లో దానికి సొంత మునిసిపాలిటీ వచ్చింది. ఆ చుట్టుపట్లే పిట్స్‌బర్గ్ ఉక్కు వ్యాపారులు కొందరు కలిసి రైలు పట్టాలు తీసే మిల్లు పెట్టారు. ఒకవైపు కార్మికులతో తగవులు, ఇంకోవైపు పడిపోతున్న పట్టాల ధర. 1883లో వాళ్లు ఆ మిల్లుని ఆండ్రూ కార్నెగీకి అమ్ముకున్నారు. కార్నెగీ దాన్ని పట్టాలనుంచి పలకలకీ దూలాలకీ మళ్లించాడు. అందుకోసం ఓపెన్ హార్త్ ఫర్నేసులు పెట్టాడు.

ఓపెన్ హార్త్ అంటే ఏమిటో చెప్పకపోతే ఆ ఊరి మనుషుల బలం అర్థం కాదు. లోతు తక్కువగా ఉన్న పెద్ద ఇటుక తొట్టి. అందులో తుక్కు ఇనుము, పచ్చి ఇనుము, సున్నపురాయి వేసి, పైనుంచి మంట పారించి కరిగిస్తారు. ఒక హీటు, అంటే ఒక విడత ఉక్కు, తయారవడానికి ఎనిమిది, పది గంటలు. తలుపు సందులోంచి నీలం అద్దం పెట్టుకుని చూస్తే తప్ప లోపలిది కంటికి ఆనదు. పొడుగు గరిటెతో చారెడు లోహం తీసి, చిన్న అచ్చులో పోసి, చల్లార్చి, సుత్తితో విరగ్గొట్టి, విరిగిన చోట రవ్వ ఎలా ఉందో చూసి, కార్బన్ ఎంతుందో నోటితో చెప్పేవాడు అనుభవం ఉన్న మెల్టర్. ల్యాబ్ కాగితం రాకముందే ఆ మాట మీద హీటు దించేవారు. హీటు అయ్యాక, ఎర్రగా కాగుతున్న తలుపు ముందు నిలబడి, పారలతో డోలమైటు విసిరి వెనక గోడ గుంటలు పూడ్చాలి. మొహం మాడిపోయే పని. పని తెలిసినవాడు లేకపోతే ఎంత ఖరీదైన ఫర్నేసైనా ఇటుకల గుట్టే. 1880ల్లో కార్మికుల మాట చెల్లడానికి అదే కారణం.

ఆ పనివాళ్ల సంఘం పేరు అమాల్గమేటెడ్ అసోసియేషన్. 1889లో కంపెనీ ఆ సంఘాన్ని వదిలించుకోవాలని చూసింది. కార్మికులు కదలలేదు. చివరికి మూడేళ్ల ఒప్పందం కుదిరింది. టన్నుకి ఎంత కూలి, ఒక పనికి ఎంతమంది, ఏ పని ఎవరు చేయాలి అన్నవన్నీ కాగితం మీదికి వచ్చాయి. ఆ కాలంలో ఊరి బర్జెస్, అంటే మేయరు లాంటి పదవి, మిల్లులో పనిచేసే జాన్ మెక్‌లకీదే. పగలు మిల్లులో చెమటోడ్చినవాడే సాయంత్రం ఊరి సభలో పెద్ద. హోమ్‌స్టెడ్ చరిత్రలో మిల్లూ మునిసిపాలిటీ రెండూ పనివాళ్ల మాట విన్న కాలం అది.

ఒప్పందం 1892 జూన్ 30తో ముగియాలి. కార్నెగీ స్కాట్లండ్‌లో విడిదికి వెళ్లి, వ్యవహారమంతా కంపెనీని నడిపే హెన్రీ క్లే ఫ్రిక్ చేతిలో పెట్టాడు. ఫ్రిక్ గడువుకి ముందే మిల్లు చుట్టూ ఎత్తైన చెక్క కంచె కట్టించి, దానిమీద ముళ్లతీగ వేయించాడు. జనం దానికి ‘ఫోర్ట్ ఫ్రిక్’ అని పేరు పెట్టారు. కూలిరేట్లు తగ్గించుకోమన్నాడు, కాదంటే గేట్లు మూసేశాడు. మిల్లులో ఉన్న సుమారు 3,800 మందిలో సంఘం సభ్యులు 800 మందికి మించరు. మిగతావాళ్లలో చాలామంది తూర్పు యూరప్‌నుంచి వచ్చిన స్లావ్ కూలీలు. వాళ్లలో ఎంతోమందికి ఇంగ్లీషు రాదు. ఆ ఒప్పందంలో వాళ్ల పేరు లేదు, కోత పడేదీ ముఖ్యంగా వాళ్ల కూలికి కాదు. అయినా సభ జరిగితే అంతా కలిసి బయటే ఉంటామన్నారు. నేను ఈ చరిత్రలో అన్నిటికన్నా గౌరవించేది ఆ నిర్ణయాన్ని.

జులై 6 తెల్లవారుజామున ఫ్రిక్ పిలిపించిన పింకర్టన్ అనే ప్రైవేటు ఏజెన్సీ గార్డులు 300 మంది రెండు బార్జీల్లో నదిమీదుగా వచ్చారు. వాళ్లు దిగబోయిన గట్టుమీద ఆడా మగా పిల్లా జెల్లా వేలమంది. ముందు తుపాకి పేల్చింది ఎవరో ఇప్పటికీ తేలలేదు. రోజంతా కాల్పులు. సాయంత్రానికి గార్డులు లొంగిపోయారు. ఏడుగురు కార్మికులు, ముగ్గురు గార్డులు చనిపోయారు. చనిపోయిన కార్మికుల్లో జోసెఫ్ సోటాక్ లాంటి స్లోవాక్ కూలీ కూడా ఉన్నాడు. గెలిచామనుకున్న సంబరం వారం కూడా నిలవలేదు. జులై 12న గవర్నరు పంపిన 8,500 మంది సైనికులు ఊళ్లో దిగారు. వాళ్ల కాపలాలో కంపెనీ కొత్తవాళ్లను తెచ్చి ఫర్నేసులు వెలిగించింది. నవంబరు 20న సంఘం చేతులెత్తేసింది. నాయకుల మీద హత్య కేసులు, రాజద్రోహం కేసులు పెట్టారు. జ్యూరీలు వాళ్లను దోషులనలేదు గాని, పని మాత్రం ఎక్కడా పుట్టనివ్వలేదు. మెక్‌లకీ బతుకుతెరువు కోసం మెక్సికో దాకా పోయాడు. తన పేరు బయటపెట్టకుండా ఆయనకు డబ్బు ఇప్పించబోయాననీ, ఆయన పుచ్చుకోలేదనీ కార్నెగీ తన ఆత్మకథలో రాసుకున్నాడు.

గార్డులు దిగబోయిన గట్టుమీద మిల్లు పంప్ హౌస్ ఇటుక గోడలతో ఇంకా నిలిచే ఉంది. ఎనిమిదో అవెన్యూలో సమ్మె నడిపిన బాస్ట్ బిల్డింగ్ ఇప్పుడు మ్యూజియం. ఇక మూడో కట్టడం ఊరి పైభాగాన, మన్‌హాల్‌లో ఉంది. కార్నెగీ 1898 నవంబరులో ప్రారంభించిన లైబ్రరీ అది. ఒక పక్క పుస్తకాలు, ఒక పక్క సంగీత సభలకు వెయ్యి సీట్ల హాలు, ఒక పక్క ఈతకొలను. ఇవాళ్టికీ పిల్లలు అక్కడికి వెళ్లి చదువుకుంటారు, ఈత నేర్చుకుంటారు. అది మంచి కట్టడమే. కాని సంఘం విరిగిన ఆరేళ్లకు వచ్చిన ఆ లైబ్రరీ ఎవరికోసమో లెక్క వేసి చూడాలి. సంఘం పోయాక మిల్లులో పన్నెండు గంటల షిఫ్టు మామూలైపోయింది. పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు తారుమారయ్యే ఆదివారం చాలామంది ఇరవైనాలుగు గంటలు వరసగా పనిచేయాలి. దాన్ని వాళ్లు ‘లాంగ్ టర్న్’ అనేవారు. నేను ఎనిమిది గంటల సి షిఫ్టు చేసొచ్చిన పగళ్లలో పేపరు చేతిలో పట్టుకునే నిద్రపోయేవాణ్ణి. ఇరవైనాలుగు గంటలు వేడిలో నిలబడినవాడు కొండెక్కి లైబ్రరీకి వెళ్లి పుస్తకం తెరుస్తాడా?

ఆ రోజుల్లో ఇళ్లు ఎలా నడిచాయో చూపించే పుస్తకం ఒకటుంది. మార్గరెట్ బయింగ్టన్ అనే పరిశోధకురాలు 1907, 1908 ప్రాంతంలో ఆ ఊళ్లో తిరిగి 90 కుటుంబాల ఖర్చులు రాయించింది. ఆ అధ్యయనం 1910లో పుస్తకంగా వచ్చింది, లూయిస్ హైన్ తీసిన ఫొటోలతో. స్లావ్ కూలీకి రోజుకి 1 డాలరు 65 సెంట్లు. దాంతో ఇల్లు గడవక, రెండు గదుల ఇంట్లోనే బోర్డర్లను పెట్టుకునేవారు. పగటి షిఫ్టువాడు లేచి వెళ్లిన పక్కమీద రాత్రి షిఫ్టువాడు వచ్చి పడుకునేవాడు. నాలుగు వైపులా ఇళ్లున్న చిన్న ఆవరణలో అందరికీ ఒక్కటే నీళ్ల కుళాయి. నిప్పులో పనిచేసొచ్చిన మగవాళ్లకు వంట, బట్టలు, స్నానాలకు నీళ్లు – ఇవన్నీ అమర్చే ఆడవాళ్ల పని పన్నెండు గంటలతో అయిపోయేది కాదు. బయింగ్టన్ చేసిన గొప్ప పని, మిల్లు వేసిన కూలి లెక్కని ఆ వంటింట్లో కూర్చుని సరిచూడటం.

1901లో కార్నెగీ తన కంపెనీని 48 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. దాని పునాదిమీద యూఎస్ స్టీల్ పుట్టింది. ఆ మరుసటేడే జంషెడ్జీ టాటా పిట్స్‌బర్గ్ వచ్చి, ఒకప్పుడు ఈ హోమ్‌స్టెడ్ మిల్లుని నడిపిన ఇంజనీరు జూలియన్ కెన్నెడీని కలిశాడు. కెన్నెడీ చెప్పగానే చార్లెస్ పేజ్ పెరిన్‌ని పట్టుకున్నాడు. అలా జంషెడ్‌పూర్ మిల్లు నమూనా ఈ లోయలోనే తయారైంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెలనుంచి మనవాళ్లు తరాలపాటు వలస వెళ్లి పనిచేసిన మిల్లు అది. పిట్స్‌బర్గ్ ఇంజనీర్ల నమూనాతో లేచిన జంషెడ్‌పూర్‌లో 1912లోనే ఎనిమిది గంటల పనిదినం వచ్చింది. ఆ నమూనా ఇచ్చిన లోయలో పన్నెండు గంటల పని తప్పడానికి 1923 దాకా పట్టింది. అంటే పన్నెండు గంటలు ఫర్నేసు అడిగిన పని కాదు. ఒకే రకం ఫర్నేసు ఎనిమిది గంటల మనిషితోనూ నడుస్తుంది. ఎవరు గట్టిగా అడగగలరు, ఎవరు ఒప్పుకోగలరు అన్నదే తేడా.

1892 తర్వాత నలభై ఏళ్లపాటు హోమ్‌స్టెడ్‌లో సంఘం మాట ఎత్తడమే కష్టం. దేశమంతా ఉక్కు సమ్మె జరిగిన 1919లోనే కార్మిక నాయకురాలు మదర్ జోన్స్‌ని మాట్లాడుతుండగానే అరెస్టు చేసింది ఈ ఊళ్లోనే. 1933 జులైలో కార్మికశాఖ మంత్రి ఫ్రాన్సిస్ పెర్కిన్స్ వచ్చింది. అమెరికా క్యాబినెట్‌లో తొలి మహిళ ఆమే. మునిసిపల్ హాల్లో కొందరితో మాట్లాడి బయటికొస్తే, లోపలికి రానివ్వని కార్మికులు రోడ్డుమీద గుంపుగా ఉన్నారు. వాళ్లతోనూ మాట్లాడతానంది. బర్జెస్ ఒప్పుకోలేదు. ఎదురుగా ఉన్న పార్కులో మాట్లాడతానంటే, అక్కడ సభలు నిషిద్ధమన్నాడు. ఆమె చుట్టూ చూసింది. కాస్త దూరంలో పోస్టాఫీసు, దానిమీద అమెరికా జెండా. అది కేంద్ర ప్రభుత్వ స్థలం, మునిసిపాలిటీ మాట అక్కడ చెల్లదు. అందర్నీ అక్కడికి రమ్మని, అక్కడే నిలబడి వాళ్లు చెప్పింది విన్నది. పెద్ద చట్టమేదీ కాదు, ఒక పోస్టాఫీసులో జరిగిన చిన్న సంగతి. కాని ఎవరి నేలమీద ఎవరి మాట చెల్లుతుందో ఆ ఊరివాళ్లకు ఆ పూట తేటతెల్లమైంది.

ఆ తర్వాత గాలి మారింది. 1936 జులైలో 1892 అమరులను తలుచుకుంటూ హోమ్‌స్టెడ్‌లో బహిరంగ సభ జరిగింది. స్వయానా పెన్సిల్వేనియా లెఫ్టినెంట్ గవర్నరు థామస్ కెనెడీ వచ్చి సంఘం పెట్టుకోమని చెప్పాడు. ఆయన గని కార్మికుల సంఘంనుంచి వచ్చినవాడు. 1937 మార్చిలో యూఎస్ స్టీల్ సంఘాన్ని గుర్తించి సంతకం పెట్టింది. సైన్యాన్ని దించి తీసేసుకున్న మాటని, నలభైఐదేళ్ల తర్వాత ఒక్క తూటా పేలకుండా తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. 1941లో ఎనిమిదో అవెన్యూలో అమరుల స్తూపం నిలిపారు.

ఆ 1941లోనే ఇంకో సంగతి జరిగింది. యుద్ధ అవసరాలకు మిల్లు పెంచాలని ప్రభుత్వం నిర్ణయించింది. రైలు పట్టాలకీ నదికీ మధ్యనున్న దిగువ పేట మొత్తం ఖాళీ చేయించారు. దాదాపు 8 వేల మంది. స్లోవాక్, హంగేరియన్, రుసిన్ కుటుంబాలు, దక్షిణాదినుంచి వచ్చిన నల్లజాతి కుటుంబాలు పక్కపక్కనే బతికిన పేట అది. చర్చిలు, బడులు, దుకాణాలు, బార్లు అన్నీ నేలమట్టమయ్యాయి. 1950 నాటికి ఊరి జనాభా దాదాపు సగానికి పడింది. అంటే మిల్లు బ్రహ్మాండంగా నడుస్తున్న రోజుల్లోనే ఊరు సగమైపోయింది. ఇది చదివినప్పుడు నాకు మా షాపులో పక్కన నిలబడి పనిచేసిన నిర్వాసిత సోదరులు కళ్లముందు మెదిలారు. కర్మాగారానికి భూమి ఇచ్చిన ఊళ్లవాళ్లు వాళ్లు. వాళ్ల దగ్గర ఉండేది నిర్వాసితులకిచ్చే పునరావాస కార్డు, ఆర్ కార్డు. తమ అమ్మవారి గుడి ఇప్పుడు ఏ యార్డు కింద ఉందో వేలెత్తి చూపించేవారు. పెద్దపని కోసం ఊరు ఖాళీ చేయమన్నప్పుడు ఎవర్నీ సంప్రదించకపోవడం హోమ్‌స్టెడ్‌కీ కొత్త కాదు, మనకీ కొత్త కాదు.

సంఘం లోపల కూడా అందరి మాటా ఒకేలా చెల్లలేదు. నల్లజాతి కార్మికులకు అడుగు పనులు, వేడెక్కువ కూలి తక్కువ ఉన్న చోట్లే దక్కేవి. ఒక డిపార్ట్‌మెంటులో సీనియారిటీ ఇంకోదానికి పనికిరాకపోవడంతో వాళ్లు పైకి రాలేకపోయారు. ఆ ఊరికి దేశమంతా పేరు తెచ్చింది మాత్రం నల్లజాతి కుర్రాళ్లే. మిల్లు కార్మికుల బేస్‌బాల్ జట్టుగా మొదలై, కంబర్లాండ్ పోసీ చేతిలో ఎదిగిన హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టు 1943, 1944, 1948 సంవత్సరాల్లో నీగ్రో వరల్డ్ సిరీస్ గెలిచింది. పేరుమోసిన బ్యాటర్ జోష్ గిబ్సన్ ఆ జట్టువాడు. 2002లో ఊరి పెద్ద వంతెనకి ఆ జట్టు పేరు పెట్టారు. మిల్లులో సీనియారిటీ తలుపులు మాత్రం 1974లో కోర్టు సమక్షంలో కుదిరిన ఒప్పందంతో గాని తెరుచుకోలేదు. ఆడవాళ్లు కూడా అప్పుడే పెద్ద ఎత్తున మిల్లులోకి రావడం మొదలుపెట్టారు. కొన్నేళ్లకే లేఆఫ్‌లు. ఆఖరున చేరినవాళ్లే ముందు బయటికి వెళ్లారు.

1937నుంచి నలభై ఏళ్లపాటు హోమ్‌స్టెడ్ కార్మికుడు మంచి జీతం, సెలవులు, పెన్షను, ఆస్పత్రి ఖర్చు సాధించుకున్నాడు. ఫోర్‌మన్ అన్యాయం చేస్తే ఫిర్యాదు రాసి గెలిచే దారి ఉండేది. తాతలు పక్కలు పంచుకున్న ఊళ్లో మనవలు సొంతిళ్లు కొనుక్కున్నారు. కాని ఆ ఒప్పందాల్లో ఒక్క విషయం ఎప్పుడూ లేదు. లాభం తీసుకెళ్లి ఎక్కడ పెట్టాలి, ఏ ఫర్నేసు మార్చాలి అన్నది యాజమాన్యం ఒక్కదానిదే.

ఉక్కు తయారుచేసినవాడిగా నాకు బాధ కలిగించేది ఇక్కడే. ఆస్ట్రియాలోని లింజ్‌లో 1952లో ఆక్సిజన్ ఊదే కన్వర్టర్ మొదలైంది. మేము విశాఖలో నడిపిన ఎల్‌డీ కన్వర్టర్ దాని వారసుడే. ఓపెన్ హార్త్‌లో ఎనిమిది, పది గంటలు పట్టే హీటు ఇందులో ముక్కాలు గంటలో దిగుతుంది. జపాన్ ఆ దారి పట్టింది. హోమ్‌స్టెడ్ మాత్రం చివరిదాకా ఓపెన్ హార్త్ మీదే నడిచింది. ఆ ఫర్నేసుల ముందు నిలబడ్డవాళ్లకు పని రాక కాదు, కష్టపడక కాదు. వాళ్ల చేతికి కొత్త పనిముట్టు రాలేదు. 1982లో యూఎస్ స్టీల్ దాదాపు 600 కోట్ల డాలర్లు పెట్టి మారథాన్ ఆయిల్ కొన్నది. అప్పటికి ఈ లోయలో వేలమంది లేఆఫ్‌లో ఉన్నారు. చమురులో డబ్బు పెట్టడం వాటాదారులకు లాభమే అయి ఉండొచ్చు. కాని ఆ నిర్ణయం జరిగిన బల్ల దగ్గర హోమ్‌స్టెడ్‌కి కుర్చీ లేదు.

మిల్లులోని యూనియన్ లోకల్ 1397 ఆ రోజుల్లో హాల్లోనే బియ్యం, పప్పుల్లాంటి తిండి సరుకులు పంచింది. పక్క ఊరు డుకేన్‌లో డొరొతీ అనే బ్లాస్ట్ ఫర్నేసుని కాపాడుకోవడానికి కార్మికులు చలికాలంలో కాపలా కాసి, దాన్ని తామే నడుపుతామని లెక్కలు వేయించారు. పెట్టుబడి దొరకలేదు. 1988లో డొరొతీని కూల్చేశారు. హోమ్‌స్టెడ్ మిల్లు 1986 జులైలో ఆగిపోయింది. పన్నులు రాక 1993 నాటికి ఆ ఊరు రాష్ట్రం దృష్టిలో దివాలా అంచునున్న మునిసిపాలిటీ అయింది. 1999లో మిల్లు నేలమీద ‘వాటర్‌ఫ్రంట్’ అనే షాపింగ్ సెంటర్ తెరిచారు. సినిమా హాలు, హోటళ్లు, బట్టల దుకాణాలు. వాటి పక్కన ఇటుకల పొగగొట్టాలు పన్నెండు, వరసగా నిలబెట్టి ఉంచారు. ఉద్యోగాలు వచ్చాయి. కాని దుకాణంలో గంటకి వచ్చే కూలి మిల్లు కూలి దరిదాపుల్లో లేదు.

నది అవతల కేరీ బ్లాస్ట్ ఫర్నేసులు రెండు మిగిలాయి. 1907లో కట్టినవి, 1978 దాకా నడిచాయి. వాటి ఇనుము లాడిల్ బండ్లలో వంతెనమీదుగా హోమ్‌స్టెడ్‌కి వెళ్లేది. ఇప్పుడు అవి జాతీయ చారిత్రక స్థలం. చూపించడానికి మిల్లులో పనిచేసిన పెద్దవాళ్లు కొందరు వస్తారు. క్యాస్ట్ హౌస్‌లో నేలమీద ఇసుకలో తవ్విన కాలవలు అలాగే ఉన్నాయి. కరిగిన ఇనుము బయటికొచ్చే కన్నం, టాప్ హోల్ దగ్గర మొదలై, అడ్డు గోడ దగ్గర పైకి తేలిన మలినం, స్లాగ్ ఒక పక్కకి, కిందనుంచి ఇనుము ఇంకో పక్కకి. మా గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ ఫర్నేసుల దగ్గరా అదే పద్ధతి, కొలతే పెద్దది. వాళ్లూ ఫర్నేసులకి ఆడవాళ్ల పేర్లే పెట్టుకున్నారు – లూసీ, ఇసబెల్లా, కేరీ, డొరొతీ. అక్కడ ఒక పెద్దాయన నేను ఎక్కడ పనిచేశానో అడిగి, కన్వర్టర్ దగ్గర అనగానే జేబులోంచి నీలం అద్దం తీసి చేతిలో పెట్టాడు. కంటికి పెట్టుకోవడం నాకు చెప్పాల్సిన పనిలేదు. “మీది నడుస్తోందా?” అని అడిగాడు. నడుస్తోందన్నాను. “ఎవరు నడుపుతున్నారు?” అన్నాడు. ప్రభుత్వం అన్నాను. “నిర్ణయించేదెవరు?” అని మళ్లీ అడిగాడు.

ఆయన అడిగిన వరస సరైనది. మా కర్మాగారం 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలమీద వచ్చింది. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం నా చిన్నతనంలో గోడగోడకీ ఉండేది. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. హోమ్‌స్టెడ్ నది గట్టుమీద కాల్పులు జరిగి అప్పటికి నూరేళ్లు. 2021 జనవరిలో దాన్ని నూటికి నూరుపాళ్లు అమ్మాలని కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కార్మికులు, నిర్వాసితులు రోడ్డెక్కారు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. అది ఊరట. కాని ఊరటకీ హక్కుకీ తేడా ఉంది.

హోమ్‌స్టెడ్ కార్మికుడు నూరేళ్లలో ఒకటొకటిగా అన్నీ గెలుచుకున్నాడు – పని గంటలు, కూలి, పెన్షను, ఆలస్యంగానైనా నల్లజాతివాడికి సమాన సీనియారిటీ. గెలవనిది ఒక్కటే, పెట్టుబడి మీద మాట. అది లేకపోతే తక్కినవన్నీ గేటు తెరిచి ఉన్నంతవరకే ఉంటాయని 1986లో తెలిసింది. విశాఖలో సంఘాలు జీతబత్తేల మీద ఎంత గట్టిగా మాట్లాడతాయో, సొంత గనుల మీద, కొత్త యంత్రాల మీద, అప్పుల మీద, భూముల మీద అంత గట్టిగానూ మాట్లాడాలి. ఆ నిర్ణయాలు జరిగేచోట కార్మికుడితోపాటు ఆర్ కార్డున్న నిర్వాసితుడికీ కుర్చీ అడగాలి. పిట్స్‌బర్గ్ వచ్చే మన పిల్లలు, ముఖ్యంగా ఉక్కునగరంలో పెరిగి వచ్చినవాళ్లు, స్వామి దర్శనం అయ్యాక ఆ అరగంట దారి కూడా వెళ్లి రావాలని నా కోరిక. బాస్ట్ బిల్డింగ్, పంప్ హౌస్, పోస్టాఫీసు వీధి చూసి రండి. మనకు ఇంకా చేతిలో ఉన్నదేమిటో, అది ఉండగానే ఏం అడగాలో ఆ ఊరు చెబుతుంది.